మడతలక్క గిటారు కొన్న వైనం

ఆ ఆసుపత్రి లాండ్రీ నేలమాళిగలో ఉంటుంది. పై అంతస్తుల్లోని వార్డులన్నిటి దుప్పట్లు, తలగడ గలేబులు, ఆపరేషన్ గదుల్లో వేసుకునే ఆకుపచ్చ అంగీలు రోజూ బండ్లలో అక్కడికి దిగుతాయి. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాక మడతలబల్ల మీదికి వస్తాయి. ఆ బల్ల దగ్గర పనిచేసే ఆవిడను పెద్ద డాక్టర్ల నుంచి తోటమాలి దాకా అందరూ మడతలక్క అనే పిలుస్తారు. ఆవిడ మడిచిన దుప్పటి అంచుకు అంచు అతికించినట్టుంటుంది. విప్పి పరచాలంటే నర్సులకే మనసొప్పదట.

నలభై దాటిన మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. గొంతు మాత్రం బొంగురు. చిన్నప్పుడు బడి వార్షికోత్సవానికి పిల్లలందరిచేతా కలిపి పాట పాడిస్తూ, టీచరమ్మ వరస వెంట నడుస్తూ వచ్చి ఈవిడ దగ్గర ఆగిందట. కాసేపు చెవి ఒగ్గి, "నువ్వు పెదాలు ఆడించు తల్లీ, చాలు," అందట. ఈ ముచ్చట మడతలక్క తనే చెప్పి తనే నవ్వేది. కానీ ఆ తర్వాత ఆవిడ పాడగా విన్నవాళ్ళు లేరు. కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు కూడా జోల పాడలేదు, వీపు తట్టే నిద్రపుచ్చింది. ఆ కూతురిప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

నేలమాళిగ కిటికీలు పైకప్పుకు దగ్గరగా ఉంటాయి. లోపల నిలబడి చూస్తే బయట వెళ్ళేవాళ్ళ కాళ్ళే కనబడతాయి. ఒకరోజు మధ్యాహ్నం యంత్రాలు ఆగిన సమయంలో మడతలక్క డబ్బా విప్పి భోజనానికి కూర్చుంది. కిటికీ అవతల మెట్ల మీద రెండు చెప్పుల కాళ్ళు తాళం వేస్తున్నాయి. వాటితోబాటు ఏదో తీగల మోత వినబడింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు కూడా అదే మోత. మూడోనాడు ఆవిడ తిండి సంగతి మరచి వెనక మెట్ల మీదికే వెళ్ళింది.

అక్కడ కూర్చున్నది ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేసే అమ్మాయి. ఒళ్ళో గిటారుంది. మడతలక్కను చూసి, "విసుగ్గా ఉందా అక్కా? ఆపేయనా?" అంది.

"అయ్యో, ఆపకమ్మాయ్. దగ్గరగా విందామని వచ్చా."

"వినడమెందుకు, పట్టుకోండి."

"నాకు పాట రాదు. నా గొంతు సంగతి నీకు తెలీదు."

"పాడమని ఎవరన్నారు? ముందు పట్టుకోండి మీరు."

ఆ అమ్మాయి గిటారును ఆవిడ ఒళ్ళో పెట్టి, ఎడమచేతి వేళ్ళు రెండింటిని గిటారు మెడ మీద రెండు తీగలపై ఆనించింది. "ఇక్కడ గట్టిగా నొక్కి ఉంచండి. ఇప్పుడు కుడిచేత్తో పైనుంచి కిందికి తీగలన్నీ మీటుకుంటూ రండి. దీన్ని కార్డ్ అంటారు. నేర్చుకునేవాళ్ళు ముందు పట్టేది ఇదే."

మడతలక్క మీటింది. ఆ మోత చెవికంటే ముందు పక్కటెముకలకు తాకింది. చెక్కపెట్టె ఆవిడ కడుపుకు ఆనుకుని వణికింది. అది పూర్తిగా సద్దుమణిగేదాకా ఆవిడ కదల్లేదు.

"ఇది నేనే చేశానా?" అంది మెల్లగా.

"మరి నేను చేతులు కట్టుకునేగా కూర్చున్నా," అని నవ్వింది ఆ అమ్మాయి.

అది మొదలు మధ్యాహ్నం భోజనం గబగబా కానిచ్చి మెట్ల దగ్గరికి వెళ్ళడం అలవాటైంది. ఆ గిటారు ఆవిడకు పెద్దది. పెట్టె మీదుగా చెయ్యి వేస్తే భుజం చెవిదాకా లేచేది. అయినా ఆ కాసేపటి కోసం పొద్దుటినుంచి ఎదురుచూసేది.

ఒకనాడు రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో ఆ మాట బయటపెట్టింది. ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అత్తగారికి చెవులు సగం పనిచేస్తాయి, మిగతా సగం ఆవిడ ఊహించుకుంటుంది.

"ఏమండీ, నాకు గిటారు నేర్చుకోవాలనుంది."

భర్త తల ఎత్తి చూశాడు. "గిటారంటే, వాయించే గిటారేనా?"

"వాయించనిది కూడా ఉంటుందా ఏంటి?"

"కటారా?" అంది అత్తగారు. "కాపురాలు చేసుకునే ఇంట్లో కత్తులూ కటార్లూ ఎందుకే?"

కటారు కాదని ఆవిడకు అర్థమయ్యేలా చెప్పేసరికి అన్నం చల్లారింది. భర్త మాత్రం కంచం ముగించి లేచాడు. ఆయన తీరే అంత. అవుననీ అనడు, కాదనీ అనడు. మడతలక్క ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఆయన చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక పెద్ద సంచిని గుండెలకు హత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. కిక్కిరిసిన బస్సులో దారంతా అలాగే నిలబడి వచ్చాడట. సంచి విప్పితే ఎర్రటి గిటారు. మొహం చూసుకోవచ్చు, అంత నిగనిగలాడుతోంది. కుర్చీలు, గిన్నెలు, బొమ్మలు అన్నీ అమ్మే పెద్ద కొట్లో కొన్నాడు. సంచి, భుజానికి తగిలించుకునే పట్టీ, నేర్చుకునే పుస్తకం అన్నీ దానితోపాటే ఇచ్చారు.

"ఎలా ఉంది?" అన్నాడు, చెప్పులు కూడా విప్పకుండా.

మడతలక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో, కొనమని తను అడగకుండానే ఆయన తెచ్చిన వస్తువు అదొక్కటే. "చాలా బావుందండీ," అంది. అప్పుడామెకు అది నిజమే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మందుల కౌంటరు అమ్మాయి పైచదువుల పరీక్షకని సెలవు పెట్టి వెళ్ళింది. మడతలక్క ఫోన్లో పాఠాలు చూస్తూ ఒక్కతే మొదలుపెట్టింది. మెట్ల మీద అంత చక్కగా పలికిన రెండువేళ్ళ కార్డ్ ఎర్ర గిటారు మీద పలకలేదు. ఎంత బలంగా నొక్కినా ఒక తీగ జీరపోయేది, ఇంకోటి అసలు మోగేదే కాదు. సాయంత్రం శ్రుతి చేసి పెడితే పొద్దుటికి దారి తప్పేది. వేళ్ళ కొసలు కోసుకుపోయాయి. లాండ్రీలో వేడివేడి దుప్పట్లు పట్టుకుంటే చురుక్కుమనేవి. ఇస్త్రీ యంత్రం దగ్గర ఉండే పొడుగావిడ చూసి, "వంటింట్లో ఏం కోసుకున్నావక్కా?" అని అడిగితే ఏదో చెప్పి తప్పించుకుంది.

కొన్ని వారాలు పట్టు విడవలేదు. ఆ తర్వాత, 'గొంతే కాదు, నా వేళ్ళూ అంతే కాబోలు' అనుకుంది. గిటారును సంచిలో పెట్టి బీరువా మీదికి ఎక్కించింది.

"వాయించడం లేదేం?" అని అడిగాడు భర్త.

"పని ఎక్కువగా ఉందండీ. కాస్త తెరిపిన పడనివ్వండి."

ఆయన నమ్మాడు. నమ్మినందుకే ఆవిడకు ఇంకా బాధేసింది.

అమ్మాయి సెలవు నుంచి వచ్చి రెండు రోజులు చూసింది. మెట్ల దగ్గరికి మడతలక్క రాలేదు. తనే లాండ్రీలోకి దిగి వచ్చింది.

"ఏంటక్కా, నామీద అలిగారా?"

"నీమీద ఎందుకమ్మా అలుగుతాను? నావి మొద్దువేళ్ళు. నాకు పట్టుబడే విద్య కాదది."

"మీ ఆయన గిటారు తెచ్చారన్నారుగా. ఒకసారి పట్రండి, చూద్దాం."

మర్నాడు ఎర్ర గిటారు మెట్ల మీదికి వచ్చింది. అమ్మాయి శ్రుతి చేసి, అదే కార్డ్ పట్టి మీటింది. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. మళ్ళీ మీటింది. గిటారు తిప్పి, మెడ వెంట ఒక కన్ను మూసి చూసింది. తీగల కింద చిటికెన వేలు దూర్చింది. వేలు సులువుగా దూరింది.

"అక్కా, ఇటు చూడండి. తీగలు ఇంత ఎత్తున ఉంటే గిటారెలా అవుతుంది? బట్టలారేసే దండెం అవుతుంది. దీనిమీద నేనే వాయించలేకపోతున్నా. మొదలుపెట్టిన వాళ్ళు ఇలాంటి దానిమీద ఒక్క వారం కూడా ఆగరు. మీరు అన్ని వారాలు ఎలా లాగారసలు?"

"అంటే నా వేళ్ళు..."

"మీ వేళ్ళు బంగారంలా ఉన్నాయి."

మడతలక్క తన వేళ్ళను తిప్పి చూసుకుంది. మోస్తున్న మూట ఎవరో దించినట్టయింది. కాసేపటికే ఇంకో దిగులు పట్టుకుంది. ఆయనకేం చెప్పాలి? అంత ముచ్చటపడి తెచ్చిన మనిషితో, మీరు తెచ్చింది పనికిరాదని ఏ నోటితో అనాలి? ఆ వారమంతా నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగుతూనే ఉంది.

చివరికి సెలవునాడు పొద్దున్న, ఆయన గడ్డం గీసుకుంటుంటే తలుపు పక్కన నిలబడి చెప్పేసింది. ఎత్తయిన తీగల సంగతి, కోసుకుపోయిన వేళ్ళ సంగతి, అమ్మాయి అన్న మాటలు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆయన అద్దంలోకే చూస్తున్నాడు. అయ్యాక మొహం కడుక్కుని, బీరువా మీది గిటారు దించుకుని, పనిముట్ల సంచిలోంచి స్టీలు కొలబద్ద తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన చాలాసేపు లోపలికి రాలేదు.

వచ్చి, బద్దను గిటారు మెడ మీద నిలువునా పెట్టి చూపించాడు. బద్దకూ చెక్కకూ నడుమ వెలుతురు కనబడుతోంది.

"మెడ వంగిపోయింది. పట్టాలే వంకరగా ఉన్న లిఫ్టుకు ఎంత మంచి మోటారు పెట్టినా ఏం లాభం? ఎక్కినవాళ్ళను తిట్టుకోవడం దండగ." బద్ద కింద పెట్టాడు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరంత ప్రేమగా తెచ్చారు..."

"ప్రేమగా తెస్తే మాత్రం? వేళ్ళు తెగ్గోసుకుంటావా?"

ఆయన ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుని వేళ్ళ కొసలు వెలుతురులో పెట్టి చూశాడు. "వచ్చేవారం ఇద్దరం వెళ్దాం. ఈసారి నేను నోరు తెరవను. నువ్వే చూసుకో," అన్నాడు.

ఇద్దరం అన్నాడు గానీ ముగ్గురు వెళ్ళారు. అత్తగారు చెప్పులేసుకుని అందరికంటే ముందు గుమ్మంలో నిలబడింది. అమ్మాయికి ఆ రోజు డ్యూటీ ఉంది. అందుకని ముందే నోటితో పాఠం చెప్పి పంపింది: "రంగు చూడకండి. మీకొచ్చిన ఆ ఒక్క కార్డునే ప్రతి గిటారు మీదా వాయించండి. కొట్టువాళ్ళు ఏదైనా వాయించి చూపిస్తే వాళ్ళ చేతిలో అన్నీ బాగానే ఉంటాయి, మోసపోకండి. నచ్చకపోతే ఊరికే వచ్చేయండి, మొహమాటపడకండి."

అది వాద్యాలు మాత్రమే అమ్మే కొట్టు. సన్నగా, పొడుగ్గా రైలుపెట్టెలా ఉంది. రెండు గోడలకూ గిటార్లు వేలాడుతున్నాయి. చెక్కవాసన, పాలిష్ వాసన కలిసి వస్తున్నాయి. కొట్టాయన కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, "పిల్లలకాండీ?" అన్నాడు.

"నాకేనండీ," అంది మడతలక్క. ఆ మాట అనడానికి కాస్త గుండె చిక్కబట్టుకోవలసి వచ్చింది. తమ దగ్గర ఎంతుందో కూడా అప్పుడే చెప్పేసింది.

ఆయన నవ్వలేదు. చేతుల్లేని ఎత్తుపీట ఒకటి లాగి వేశాడు. "కూర్చోండమ్మా. ఆ డబ్బుకు పనికొచ్చేవి నాలుగైదు ఉన్నాయి. తొందరేం లేదు, ఒక్కొక్కటీ చూడండి."

మొదటిది పెద్దపెట్టె గిటారు. మోత గంభీరంగా ఉంది గానీ భుజం మళ్ళీ చెవిదాకా లేచింది. పక్కన పెట్టించింది. తర్వాతది నైలాను తీగలది. వేళ్ళకు హాయిగా, దూదిని నొక్కినట్టుంది. ఆవిడ మొహం విప్పారింది. తీరా రెండు వేళ్ళూ కలిపి కార్డ్ పట్టబోతే, మెడ వెడల్పు మరీ ఎక్కువ. పొట్టివేళ్ళు అవతలి తీగను అందుకోలేకపోయాయి. అది వదలడానికి కాస్త మనసు పీకింది.

"దీన్ని కూడా ఒకసారి పట్టి చూడండి," అని కొట్టాయన గోడ పైవరసలోంచి ఇంకోటి దించాడు. మీటితే తేనె కారినట్టు పలికింది. ధర చీటీ చూసి మడతలక్క దాన్ని జాగ్రత్తగా వెనక్కిచ్చింది.

నోరు తెరవనన్న భర్త తెరిచాడు. "కొంచెం సర్దుకుంటే..."

"వద్దండీ. ఒక్క కార్డ్ వచ్చినదాన్ని. దీన్ని ముట్టుకోవాలంటేనే భయమేస్తుంది. రోజూ ఒళ్ళో పడేసుకునేది కావాలి నాకు."

అంతవరకూ చుట్టూ చూస్తూ కూర్చున్న అత్తగారు మూలకు వేలు చూపించింది. "ఆ గోధుమరంగు పిల్లది ఏం పాపం చేసింది? దాన్నెవరూ దించరేం?"

కొట్టాయన అటు చూశాడు. "అదా? అందరికీ చూపించడానికి పెట్టిందమ్మా. ఎవరో కోటు గుండీ తగిలించి గీత పెట్టారు. ఆ గీత చూసి ఎవరూ తీసుకోరు. లోపల ఏ లోపమూ లేదు. ధర కూడా తగ్గించాను."

అది చిన్నపెట్టె గిటారు. మెరుపు లేదు, బొమ్మలు లేవు. పెట్టె మీద గోటితో గీసినట్టు ఒక తెల్లటి గీత. మడతలక్క ఒళ్ళోకి తీసుకుంది. చెయ్యి పెట్టె మీదుగా దానంతటదే జారి, సరిగ్గా తీగల మీద వాలింది. భుజం లేవలేదు. రెండు వేళ్ళూ నొక్కి మీటింది.

ఆరు తీగలూ మోగాయి. జీర లేదు. ఆవిడ తల వంచుకుని మళ్ళీ మీటింది, మళ్ళీ మీటింది.

భర్త లేచాడు. "నువ్వు గోడవైపు తిరుగు. ఆయన వాయిస్తాడు. ఏది ఏదో చూడకుండా చెప్పు." ఆవిడ తిరిగి కూర్చుంది. కొట్టాయన ఒక్కో గిటారునూ ఒక్కసారి మీటాడు. తేనె గిటారును ఆవిడ ఇట్టే పోల్చుకుంది. ఆ తర్వాత, "ఇది. వెచ్చగా ఉంది," అని ఆవిడ అన్నది గీత ఉన్నదాన్నే.

"నాకేం వినబడదుగా, నేనేం చెప్పను?" అంటూ అత్తగారు వచ్చి, కోడలు మీటుతుంటే పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. వేరేవాటి మీదా ఆనించి చూసింది. తిరిగి చిన్నదాని దగ్గరికే వచ్చింది. "ఇది మోచెయ్యిదాకా వస్తోందమ్మాయ్. అవి మణికట్టు దగ్గరే ఆగిపోతున్నాయి."

అయినా మడతలక్క తొందరపడలేదు. అమ్మాయి చెప్పినట్టే మెడ మీది లోహపు కమ్మీల మధ్య ఒక్కో గడిలో ఒక్కో తీగా నొక్కి విన్నది. మెడ అంచు వెంట అరచెయ్యి జార్చి చూసింది, కమ్మీల కొసలు ఎక్కడా గీరుకోలేదు. తీగలు బిగించే మరలు తిప్పి చూసింది, వదులుగా లేవు. స్టీలు బద్ద ఇమ్మన్నట్టు భర్త వైపు చెయ్యి చాపింది. ఆయన దాన్ని జేబులోనే పెట్టుకుని వచ్చాడు. మెడ తిన్నగా ఉంది. కొట్టాయన దీనికి మాత్రం నవ్వాపుకోలేకపోయాడు.

"ఇదే ఇవ్వండి," అంది.

"ఇస్తాను గానీ ఒక్క అరగంట కూర్చోండి. తీగలు ఇంకాస్త కిందికి దించి, సన్నరకం వేసి ఇస్తాను. మొదట్లో వేళ్ళు నొప్పెట్టడం తప్పదు. కానీ తెగవు."

ఆయన గిటారును బల్లమీద పడుకోబెట్టి తీగలు విప్పుతుంటే, భర్త ఎదురుగా వంగి నిలబడ్డాడు. చెక్కకు ఎండా వానా పడకపోవడం గురించి, మెడలో కనబడకుండా ఉండే ఇనుప కడ్డీ గురించి ఇద్దరూ మాటల్లో పడ్డారు. అరగంట గంటయింది. అత్తగారు గోడకు ఆనుకుని ఒక కునుకు తీసింది.

ఆ తర్వాతి నెలల్లో అద్భుతాలేం జరగలేదు. వేళ్ళు నొప్పెట్టాయి, గట్టిపడ్డాయి. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డుకు మారడానికి మొదట్లో ఊరు మారినంత సమయం పట్టేది. పాట మధ్యలో ఆగి, వేళ్ళను ఒక్కొక్కటిగా ఎత్తి పెట్టుకునేది. అయినా గిటారు బీరువా ఎక్కలేదు. కుర్చీ పక్కనే గోడకు ఆనుకుని ఉండేది. కూర వేగేలోపు ఒకసారి, బస్సుకు వెళ్ళేముందు ఒకసారి చేతిలోకి వచ్చేది. భర్త ఎర్ర గిటారు మెడ ఊడదీసి, బాల్కనీలో దానితో కుస్తీ పడుతున్నాడు. బాగుపడితే తనూ నేర్చుకుంటానని బెదిరిస్తున్నాడు. సెలవులకు వచ్చిన కూతురు అమ్మ వాయించేది విని, మొదట ఎవరో ఫోన్లో పాట పెట్టారనుకుంది. గదిలోకి వచ్చి చూసి, పక్కన కూర్చుని, అయ్యాక, "మళ్ళీ వాయించమ్మా," అంది.

ఒకనాడు మధ్యాహ్నం లాండ్రీలో ఆవిరి బాయిలరు మొరాయించింది. దాన్ని బాగుచేసేవాళ్ళు వచ్చేదాకా ఇస్త్రీ యంత్రాలు నడవవు. తడి దుప్పట్ల బండ్లు వరసగా ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా బల్లల మీద కూర్చున్నారు. పొడుగావిడ, "అక్కా, మధ్యాహ్నాలు మెట్ల దగ్గర వాయించేది ఈపూట ఇక్కడే వాయించు," అంది.

మడతలక్క కాస్త తటపటాయించింది. తర్వాత చేతులు తుడుచుకుని సంచి విప్పింది. అందరికీ తెలిసిన పాట ఒకటి ఎత్తుకుంది. పొడుగావిడ సన్నగా అందుకుంది. ఉతికే యంత్రాల దగ్గరి ఇద్దరూ గొంతు కలిపారు. ఇంకెవరో ఖాళీ బండిమీద అరచేత్తో దరువు వేశారు. రెండో చరణంలో మడతలక్క వేలు తప్పింది. ఆవిడ ఆగింది. వాళ్ళూ ఆ చివరి మాటను లాగి పట్టుకుని ఆగారు. వేళ్ళు కుదురుకున్నాక అందరూ కలిసి ముందుకు నడిచారు.

బాయిలరు గదిలోంచి సూపర్‌వైజరు తల బయటపెట్టాడు. "ఆవిరి వచ్చింది," అన్నాడు. ఎవరో లేవబోతే చేత్తో వారించాడు. "ఉండండి. ఈ పాట కానివ్వండి, అయ్యాక మొదలుపెడదాం."